ఏ బండి కోసమండీ?

విశాఖ స్టేషన్లో ఎప్పుడూ సందడే. అంతమందిలో ఓ మూల ఒంటరిగా, వచ్చిన బండి ఏదీ ఎక్కకుండా కూర్చుండిపోయిన మనిషి కనిపిస్తే? 'ఏ బండి కోసమండీ?' అని పలకరించండి. ఓ ప్రాణం నిలబడొచ్చు!

బ్రిటన్‌లో 2017 నుంచి ప్రయాణికులకు చెబుతున్నది ఇదే. చావాలన్న ఆలోచన చాలామందిలో ఉప్పెనలా ముంచుకొచ్చి, కాసేపటికి తగ్గిపోతుంది. ఆ కాసేపూ ఎవరో ఒకరు మాట కలిపితే ధ్యాస మళ్లుతుంది. ఈ ప్రచారంలో రైల్వేలకు తోడుగా నిలిచింది 'సమారిటన్స్'. 1953లో లండన్‌లో చాద్ వరా అనే మతగురువు దీన్ని ప్రారంభించారు. ఇక్కడి వాలంటీర్లు తప్పొప్పులు ఎంచరు, ఓపిగ్గా వింటారంతే. మన దగ్గరా చెన్నైలో 1986లో 'స్నేహ', హైదరాబాద్‌లో 1997లో 'రోష్ని' అలాంటి సేవకే పుట్టాయి.

విశాఖవాసులైనా, మరే ఊరివాళ్లైనా 2022లో కేంద్రం మొదలుపెట్టిన 'టెలీ మానస్' నంబరు 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి, తెలుగులోనే మనసు విప్పొచ్చు. కేసవుతుందేమోనన్న భయం వద్దు. ఆత్మహత్యకు ప్రయత్నించినవారిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవారిగా చూసి ఆదుకోవాలనే 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది. స్టేషన్లో ఎవరి తీరైనా ఆందోళన కలిగిస్తే వెంటనే రైల్వే సిబ్బందికి చెప్పాలి, లేదా 139కి ఫోన్ చేయాలి.

రైలెక్కితే పక్కసీటువాళ్ల ఊరూ పేరూ అడగందే ఊరుకోం కదా! ఆ పలకరింపేదో ప్లాట్‌ఫామ్ మీదే మొదలుపెడదాం.