సెల్ఫ్ ఒకసారి తీసుకుంటుంది, ఇంకోసారి తీసుకోదు: పికప్ బండి లోపాన్ని పట్టుకోవడం ఎలా?

తెల్లవారేలోగా మార్కెట్‌కు చేరాల్సిన కూరగాయల బండి దారి మధ్యలో ఆగిపోతే, నష్టం రిపేరు ఖర్చుతో తీరదు. సరుకు వాడిపోతుంది, కిరాయి పోతుంది, ఆ నెల ఫైనాన్స్ వాయిదా మీద భారం పడుతుంది. 2005లో టాటా ఏస్ వచ్చినప్పటి నుంచి దేశంలో చిన్న సరుకు బండ్లు ఎందరికో సొంత ఉపాధి అయ్యాయి. చాలామందికి ఉన్నది ఆ ఒక్క బండే.

పూర్తిగా చెడిపోయిన బండిని బాగుచేయడం కొంత సులువు. అప్పుడప్పుడు మొరాయించే బండితోనే చిక్కు. మెకానిక్ వచ్చేసరికి అది ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది. లోపం కళ్లెదుట లేనప్పుడు ఊహలు మొదలవుతాయి. బ్యాటరీ మారుస్తారు, పంపు విప్పుతారు, సెన్సర్ వేస్తారు. బిల్లు పెరుగుతుంది, జబ్బు మాత్రం అలాగే ఉంటుంది.

అందుకే మొదటి పని, లోపం కనిపించిన ప్రతిసారీ వివరాలు రాసుకోవడం. ఇంజిన్ వేడిగా ఉందా, చల్లగా ఉందా? వాన పడిందా? ట్యాంకులో డీజిల్ ఎంత ఉంది? గుంతలో పడ్డాక ఆగిందా? ఎంతసేపటికి మళ్లీ అందుకుంది? నాలుగైదుసార్లు రాసుకుంటే లోపం ఎటువైపు ఉందో తెలిసిపోతుంది.

ఇంజిన్ అసలు తిరుగుతోందా?

తాళం తిప్పితే ‘టక్’మని చప్పుడు వచ్చి, ఇంజిన్ తిరగకపోతే ముందు కరెంటు వైపు చూడాలి. బ్యాటరీ టెర్మినళ్ల మీద పొడి పేరుకుందా, క్లాంపు వదులుగా ఉందా అన్నది తొలి పరీక్ష.

ఆ తర్వాత మల్టీమీటర్ పెట్టాలి. నిండా చార్జ్ ఉన్న బ్యాటరీ, బండి ఆపి ఉన్నప్పుడు సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు అది 9.6 కంటే కిందికి పడితే బ్యాటరీని అనుమానించాలి. ఇంజిన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే ఆల్టర్నేటర్ చార్జ్ చేస్తున్నట్టే.

ఎక్కువమంది వదిలేసేది ఎర్త్ వైరు. మీటరు ఒక కొసను బ్యాటరీ నెగటివ్‌కు, రెండో కొసను ఇంజిన్ లోహానికి ఆనించి సెల్ఫ్ కొట్టాలి. అర వోల్టు కంటే ఎక్కువ చూపితే ఆ దారిలో తుప్పో, వదులో ఉన్నట్టు. ఉప్పు కాగితంతో రుద్ది బిగిస్తే పోయే లోపానికి కొత్త బ్యాటరీ కొనేవారు ఉన్నారు.

తిరుగుతోంది కానీ అందుకోవడం లేదా?

ఇప్పుడు చూడాల్సింది డీజిల్, సెన్సర్లు. ఫిల్టర్ కింది నుంచి కొంచెం డీజిల్ వంచితే నీళ్లున్నాయో లేదో తెలుస్తుంది. ట్యాంకు నుంచి పంపు వరకు పైపులో చిన్న పగులున్నా గాలి లోపలికి పోతుంది. అక్కడ డీజిల్ బయటికి కారకపోవచ్చు కాబట్టి పైకి ఏమీ కనిపించదు. కాసేపు పారదర్శకమైన పైపు ముక్క అమర్చితే బుడగలు కనిపిస్తాయి.

వేడెక్కాక ఆగి, అరగంట చల్లబడ్డాక మామూలుగా స్టార్ట్ అయితే క్రాంక్ సెన్సర్ మీద అనుమానం పెట్టుకోవాలి. చాలా బండ్లలో అలాంటప్పుడు సెల్ఫ్ కొడుతున్నా ఆర్‌పీఎం ముల్లు కదలదు.

ఆగిపోయిన తీరు ఏం చెబుతుంది?

స్విచ్ ఆపినట్టు ఒక్కసారిగా ఆగితే ఇగ్నిషన్ స్విచ్, రిలే, క్రాంక్ సెన్సర్, వాటి వైర్లు చూడాలి. లాగలేక, దగ్గుతూ ఆగితే డీజిల్ సరిగా అందడం లేదని అర్థం. సిగ్నల్ దగ్గర నిలిపినప్పుడే ఆగుతుంటే ఈజీఆర్ వాల్వు మసిపట్టి తెరుచుకుని ఉండిపోయిందేమో చూడాలి.

స్కానర్ చెప్పేది తీర్పు కాదు

2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎస్-6 బండ్లలో లోపాల కోడ్‌లను స్కానర్‌తో చదవవచ్చు. పి0335 అంటే క్రాంక్ సెన్సర్ సర్క్యూట్‌లో లోపం. సెన్సర్‌తో పాటు వైరు, కనెక్టరు కూడా ఆ సర్క్యూట్‌లో భాగమే. ఎలుక కొరికిన వైరుకూ అదే కోడ్ రావచ్చు. పి0087 అంటే రైలులో డీజిల్ పీడనం తక్కువగా ఉందని. ఫిల్టర్ మూసుకుపోయినా అది వస్తుంది. కోడ్‌లను రాసుకున్నాకే చెరిపేయాలి.

మానుకోవాల్సిన రెండు పాత అలవాట్లు

పాత డీజిల్ ఇంజిన్లలో గాలి తీయడానికి ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేసేవారు. కామన్ రైల్ ఇంజిన్ నడిచేటప్పుడు పీడనం వెయ్యి బార్‌లు దాటుతుంది. ఆ డీజిల్ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు. ఇక ఆల్టర్నేటర్‌ను పరీక్షించడానికి నడుస్తున్న ఇంజిన్‌కు బ్యాటరీ వైరు పీకడం రెండో అలవాటు. వోల్టేజీ ఒక్కసారిగా ఎగసి ఈసీయూ కాలిపోవచ్చు.

నడుస్తూ ఆగిపోయే బండికి లోడు ఎత్తకపోవడమే మంచిది. ఇంజిన్ ఆగగానే పవర్ స్టీరింగ్ బిగుసుకుంటుంది, బ్రేకు సాయం ఒకటి రెండు తొక్కులకే అయిపోతుంది. అప్పుడు తాళం మాత్రం తీయకూడదు, స్టీరింగ్ లాక్ పడుతుంది. బ్రేకును వదిలి వదిలి తొక్కకుండా ఒకే పట్టున నొక్కి, పక్కకు తీసి ఆపాలి.

షెడ్డుకు వెళ్లినప్పుడు ‘ఏం మార్చాలి?’ అని అడిగే ముందు రాసుకున్న కాగితం మెకానిక్ చేతికివ్వండి. ఏదైనా మార్చాలంటే, ఏ కొలత చూసి ఆ మాట అంటున్నారో అడగండి. తీసిన పాత భాగాన్ని వెనక్కి తీసుకోండి. కొత్తది వేశాక కూడా లోపం తిరిగొస్తే, ఆ పాతది మంచిదేనని తేలవచ్చు.