ఆట నేర్పు, గుండె దిటవు

2025 నవంబరు 2వ తేదీన భారత స్త్రీల క్రికెట్టు జట్టు నవీ ముంబయిలో దక్షిణాఫ్రికాను 52 పరుగుల తేడాతో నోడించి, ప్రపంచ కప్పును మొదటిసారిగా గెలుచుకొనెను. దేశము పండుగ చేసికొనెను, చేసికొనవలసినదే. అయినను ఆ పండుగకు మూడు వారములకు ముందు మన విశాఖపట్టణమున జరిగిన రెండు ఆటలను పాఠకులు మఱచిపోరాదని మా మనవి. గెలుపు నేర్పుదానికంటె ఆ రెండు ఓటములు నేర్పునది యెక్కువ.

అక్టోబరు 9న దక్షిణాఫ్రికాతో నాడినపుడు మనవారు 251 పరుగులు చేసిరి. ప్రత్యర్థులు 81 పరుగులకే 5 వికెట్లు పోగొట్టుకొనిరి. ఇక ఆట ముగిసినట్లే యని చూచువారు లేచి యిండ్లకు పోదలచిన వేళ, నదీన్ డిక్లెర్క్ అను నామె 54 బంతులలో 84 పరుగులు చేసి గెలుపును మన చేతిలోనుండి లాగికొనిపోయెను. అక్టోబరు 12న అదే మైదానమున ఆస్ట్రేలియాతో ఆట. స్మృతి మంధాన, ప్రతీక రావల్ మొదటి వికెట్టుకు 155 పరుగులు కూర్చిరి. ఒకప్పుడు 4 వికెట్లకు 294 పరుగులుండెను. తక్కిన ఆఱు వికెట్లును 36 పరుగులలో రాలిపోయినవి. ఓవర్లు పూర్తిగాకయే 330కి జట్టంతయు వెలుపలికి వచ్చెను. ఆ 330ని ఆస్ట్రేలియా మూడు వికెట్లు చేతనుండగనే దాటెను. పిదప 19న ఇందూరులో ఇంగ్లండు నిచ్చిన 289 లక్ష్యమును అందుకొనలేక 4 పరుగుల తేడాతో నోడిరి. వరుసగా మూడోటములు!

ఈ జబ్బు నేటిది కాదు. 2017లో లార్డ్సు మైదానమున ప్రపంచ కప్పు తుది యాటలో లక్ష్యము 229. మనవారు 3 వికెట్లకు 191 వఱకు వచ్చిరి, 219కి ముగిసిరి. 28 పరుగులలో ఏడు వికెట్లు! 2022 కామన్వెల్తు క్రీడల తుది యాటలో 9 పరుగులు, 2023లో కేప్‌టౌనున 5 పరుగులు తక్కువయి ఆస్ట్రేలియాకే లొంగిరి. 3 వికెట్లకు 191 చేయగల జట్టునకు నేర్పు లేదనుట పొసగునా? లోపము చేతిలో లేదు, బ్యాటులో లేదు. గెలుపు కంటబడినంతనే మనస్సు బంతిని విడిచి ఫలితము వెంట పరుగెత్తుటలో నున్నది.

ఆడువారికి గుండె దిటవు తక్కువయని పెదవి విఱుచు పెద్దమనుష్యులు మనలో లేకపోలేదు. వారు పురుషుల జట్టు చరిత్రను గూడ నొకసారి తిరుగవేయవలెను. 2013లో చాంపియన్సు ట్రోఫీ గెలిచిన పిమ్మట 2024 జూను వఱకు ఆ జట్టు ఇట్టి కప్పు నొక్కటియు నెత్తలేదు. 2023లో వరుసగా పది యాటలు గెలిచి, తన గడ్డమీదనే అహమ్మదాబాదులో ఆస్ట్రేలియాకు తలవంచెను. ఏడు నెలలకు బ్రిడ్జిటౌనులో దక్షిణాఫ్రికాకు 30 బంతులలో 30 పరుగులు చాలునన్న స్థితినుండి ఆటను త్రిప్పి 7 పరుగులతో గెలిచెను. కావున స్థైర్యము పుట్టుకతో వచ్చునదియు గాదు, ఆడ మగ భేదమును బట్టి పంచిపెట్టబడినదియు గాదు.

భయము లేకుండుటయే స్థైర్యమనునది మఱియొక పొరబాటు. జెమీమా రోడ్రిగ్సును ఇందూరు ఆటనుండి తప్పించిరి. తిరిగి వచ్చి న్యూజీలండుపై 76 పరుగులతో నిలిచెను. అక్టోబరు 30న ఆస్ట్రేలియా 338 పరుగులు చేయగా, ఆమె 127 పరుగులతో కడవఱకు నిలిచి జట్టును గట్టెక్కించెను. నూఱు పరుగులు నిండినపుడు బ్యాటెత్తి సంబరపడలేదు. పని యింకను మిగిలియుండెను గదా! 82 వద్ద ఆమె కొట్టిన బంతిని ప్రత్యర్థి నాయకురాలు జారవిడిచిన మాటయు నిజమే. అదృష్టమును మేము కాదనము. ఆట ముగిసిన పిమ్మట, ఆ పందెముల దినములలో తాను కలతతో కన్నీరు కార్చితినని ఆమెయే బాహాటముగ చెప్పెను. ఆ కలత నుంచుకొనియే ఆడెను. మా దృష్టిలో ఆ మాట ఆ 127 పరుగులకు దీసిపోదు.

ఇట్టి దిటవు ఉపన్యాసములవలన వచ్చునా? రైతు సోదరులు ఎద్దును కొనునపుడు కొమ్ములు చూచి తృప్తిపడరు. కాడి కట్టి బరువు లాగించి చూతురు. బరువు లాగిన యెద్దే బరువు లాగును. ఆస్ట్రేలియాలో స్త్రీల బిగ్ బాష్ పందెములు 2015లోనే ఆరంభమయ్యెను. మన దేశమున స్త్రీల ప్రీమియర్ లీగు 2023 వఱకు రాలేదు. పురుషులతో సమానమైన ఆట వేతనము 2022 అక్టోబరులోగాని ప్రకటింపబడలేదు. బిగిసిన పందెములు ఆడు అవకాశము ఏండ్ల తరబడి తక్కువగ నుంచి, తుది యాటలో చేతులు వణికినవని నిందించుట మన అలవాటయ్యెను. గెలిచిన దినమున పూలదండలు, ఓడిన దినమున దూషణలు కురిపించు ప్రేక్షకులకును ఈ వణకులో పాలున్నది.

ఒక్క కప్పు నిలుకడకు సాక్ష్యము కాజాలదు. పదుమూడు ప్రపంచ కప్పులలో ఏడింటిని ఆస్ట్రేలియాయే గెలిచినది. వారితో సమముగ నిలువవలెనన్న, పదునైదేండ్ల బాలిక మొదలు దేశపు జట్టు వఱకు ప్రతి మెట్టునను బిగిసిన యాటలు విరివిగ జరుగవలెను. ఒక్క యాటలో తప్పినవారిని వెంటనే తొలగింపక, తప్పు దిద్దుకొను వ్యవధి నీయవలెను. కడప జిల్లానుండి శ్రీచరణి లీగులో ఆడి, 2025లోనే దేశపు జట్టున చేరి, కప్పు గెలిచినవారిలో నొకతె యయ్యెను. తక్కిన జిల్లాలలో బాలికలకు ఏడాదికెన్ని పందెములు జరుగుచున్నవో, ఎన్ని మైదానములు వారికి తెఱచియున్నవో, క్రికెట్టు సంఘములవారు ప్రజలకు లెక్క చెప్పవలెనని మేము కోరుచున్నాము.