పాత కారుకి తుప్పు పట్టకుండా...



ఊరగాయ జాడీలో తడి గరిటె పెడితే ఏమవుతుందో మనకి ఒకరు చెప్పనక్కరలేదు. పాత కారు సంగతీ అంతే. తడి నిలిచినచోటే చెరుపు మొదలవుతుంది.

అంబాసిడర్, మారుతి 800 కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. అయినా వాటిని అపురూపంగా చూసుకునే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. ఇంజను చెడితే బాగుచేయించవచ్చు. కింద రేకు చివికిపోతే మాత్రం ప్రాణాలకే ముప్పు. సీట్లూ, సీటు బెల్టులూ బిగించేది ఆ రేకు మీదే కదా!

ఇనుముకి నీరూ, గాలీ రెండూ తగిలితే తుప్పు పడుతుంది. ఉప్పు తోడైతే మరీ తొందరగా పడుతుంది. అందుకే విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రపు ఊళ్ళలో ఎక్కువ జాగ్రత్త కావాలి. బీచికి వెళ్ళి వచ్చాక కారు పైభాగమే కాదు, అడుగు భాగం కూడా మంచినీళ్ళతో కడగాలి.

వాన నీరు కిటికీ అద్దం పక్కనుంచి తలుపులోకి దిగుతుంది. అది బయటికి పోవడానికే తలుపు కింది అంచున చిన్న కన్నాలుంటాయి. మట్టితో అవి పూడుకుపోతే నీరు లోపలే నిలుస్తుంది. సన్నని పుల్లతో వాటిని శుభ్రం చేయండి. ఎందుకో కన్నాలున్నాయని మూసేయకండి సుమా! వానాకాలంలో కాళ్ళ కింది మ్యాట్లు తీసి, అడుగున తడి ఉంటే పూర్తిగా ఆరనివ్వండి.

రంగు పొక్కులా లేచిందా? లోపల తుప్పు ఉబ్బిందన్నమాట. దానిమీదే రంగు వేస్తే జబ్బు దాచినట్టే. పొడి ఎండ ఉన్న రోజున, కళ్ళద్దాలూ, చేతి తొడుగులూ వేసుకుని, ముక్కుకి మాస్కు కట్టుకుని, పొక్కుని గీకేయండి. మెరిసే ఇనుము కనబడేదాకా గరుకు కాగితాన్ని తడిపి రుద్దండి. పాత రంగులో సీసం ఉండవచ్చు కనుక పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. తుడిచి, బాగా ఆరనిచ్చి, వెంటనే రెడాక్సైడ్ ప్రైమరు రెండు పూతలు వేయండి. ఒక పూత ఆరాకే రెండోది. ఆపైన కారు రంగు వేసుకోవచ్చు.

అన్నీ మనమే చేయాలనే పట్టుదల వద్దు. స్క్రూడ్రైవరుతో నొక్కితే రేకు లోపలికి దిగినా, బ్రేకు గొట్టాలకి తుప్పు కనబడినా మెకానిక్కు దగ్గరికే తీసుకువెళ్ళాలి. జాకీ ఒక్కదాని మీద నిలిపిన కారు కిందికి ఎవ్వరూ, ఎప్పుడూ దూరకూడదు.

సొంత కారు రిజిస్ట్రేషను సాధారణంగా 15 ఏళ్ళకి ముగుస్తుంది. తర్వాత తనిఖీ చేయించి 5 ఏళ్ళకోసారి పొడిగించుకోవాలి. ఆ తనిఖీ దాకా ఆగకుండా వానాకాలం ముందొక పూట, వెళ్ళాక ఒక పూట కారుకి కేటాయించండి. పచ్చళ్ళకి పెట్టే శ్రద్ధలో పావువంతు చాలు.