కొత్త మోకాలు – కునుకు పట్టని రాత్రులు

మోకాలి కీలు మార్చు శస్త్రచికిత్స నేడు మన పల్లెలకు సైతము వింత కాదు. ఒకప్పుడు దూరనగరములకు పోవలసిన పనికి, ఇప్పుడు నందిగామవారు 50 కిలోమీటర్లు ప్రయాణించి విజయవాడలో చేరుచున్నారు. జగ్గయ్యపేటవారికి మరియొక 30 కిలోమీటర్లు ఎక్కువ. కొలది దినములలోనే చేతికఱ్ఱల సాయమున ఇల్లు చేరుచున్నారు. ఇంతవరకు కథ అందరికిని తెలిసినదే. ఇల్లు చేరిన పిమ్మటి కథ మాత్రము ఎవరును ముందుగా చెప్పరు. కుట్లు మానుచుండును, అడుగులు పడుచుండును. కాని రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చినవారికి తలగడలో నుండి తమ గుండెచప్పుడే వినిపించును. కుమారుడు కొనియిచ్చిన చేతిగడియారము 98 అని చూపును. “కోసినది మోకాలిని గదా, గుండెకేమి వచ్చినది?” అని ఇంటిల్లిపాదికిని దిగులు.

ఈ ప్రశ్నకు వైద్యశాస్త్రము చెప్పు సమాధానము చాలవరకు ధైర్యము కలిగించునదే. చాలవరకు మాత్రమే. మిగిలిన కొంచెములో ప్రాణాపాయము దాగియున్నది. ఆ రెంటి నడుమ గీత ఎచ్చట పడునో తెలిసికొనుటకే ఈ వ్యాసము.

మొదట ఆ చికిత్స యెట్టిదో చూతము. అరిగిపోయిన తొడయెముక చివరను, కాలియెముక పైభాగమును పలుచగా చెక్కి, ఒకదానికి కోబాల్టు క్రోమియముల మిశ్రలోహపు తొడుగును, రెండవదానికి లోహపు పీటను అమర్చి, నడుమ మృదులాస్థికి మారుగా గట్టి పాలిథీన్ పలకను ఉంచుదురు. సున్నపురాతి కొండల నడుమనున్న జగ్గయ్యపేటవారికి సిమెంటు క్రొత్తది కాదు. కాని యీ లోహమును ఎముకకు అతికించు సిమెంటు వేరు. అది అక్రిలిక్ జాతి ప్లాస్టిక్కు, పొడిని ద్రవముతో కలిపిన కొన్ని నిమిషములలోనే గట్టిపడును. నేటి పద్ధతికి మాతృక యనదగిన కృత్రిమపు కీలును 1974లో న్యూయార్కులో ఇన్సాల్, రణావత్ మున్నగు వైద్యులు రూపొందించిరి. ఆ చిత్తరంజన్ రణావత్ గారే 2000 అక్టోబరులో నాటి ప్రధాని అటల్ బిహారీ వాజపేయి ఎడమ మోకాలికిని, 2001 జూన్‌లో కుడి మోకాలికిని ముంబాయిలో శస్త్రచికిత్స చేసిరి. దేశమంతయు పత్రికలలో ఆ వార్తలు చదివినది. మోకాలు మార్చుకొనవచ్చునన్న సంగతి మన రచ్చబండల వరకు చేరుటకు ఆ వార్తలు కొంత కారణమై యుండవచ్చునని నా ఊహ.

ఇక గుండె మాట. శరీరమునకు శస్త్రచికిత్స యని, ప్రమాదమని భేదము తెలియదు. ఎముకను కోసినారు, నెత్తురు పోయినది, దానికి తెలిసినదంతే. గాయపడిన జంతువు పరుగునకు సిద్ధమైనట్లు అది అడ్రినలిన్ వంటి రసములను రక్తములోనికి వదలును. గాయమును మాన్పుటకై పుట్టిన వాపును, వేడియును కొన్ని వారములు నిలుచును. వీనివలన నాడి నిమిషమునకు పది, ఇరువది దెబ్బలు పెరుగుట తరచుగా జరుగునదే.

అంతకంటె ముఖ్యమైన కారణము నెత్తురు. ఈ చికిత్సలో పోవు రక్తము కంటికి కనబడునది కొంత, కండరములలోను కీలులోను ఇంకిపోవునది కొంత. రెండును కలిసి లీటరు దాటుటయు కలదు. ఇచ్చట విద్యార్థులు ఒక చిన్న లెక్క వేయవచ్చును. చికిత్సకు ముందు రక్తములో హిమోగ్లోబిన్ 13 గ్రాములు, నాడి 72 అనుకొందము. తరువాత హిమోగ్లోబిన్ 10 గ్రాములకు దిగినది. ప్రాణవాయువును మోయు బండ్లు తగ్గినవి, చేరవేయవలసిన సరకు తగ్గలేదు. అట్లైన బండ్లు ఎక్కువసార్లు తిరుగవలెను: 72ను 13చే హెచ్చించి 10చే భాగింపగా దాదాపు 94. శరీరము ఇంత సూటిగా లెక్క వేయదు, గుండె ఒక్కొక్క దెబ్బకు పంపు రక్తమును కూడ పెంచుకొనగలదు. అయినను గడియారములోని 98 ఎక్కడనుండి వచ్చినదో ఈ లెక్క కొంత చూపుచున్నది. ఈ లోటు పూడుటకు వారములు పట్టును. వైద్యుడు ఇనుము మాత్రలు వ్రాసియున్నచో వానిని టీతోగాని కాఫీతోగాని మ్రింగరాదు, ఇనుము వంటబట్టదు. నిమ్మరసముతో తీసికొన్న మేలు.

మెట్టప్రాంతమునకు ప్రత్యేకమైన కారణము మరియొకటి కలదు. వేసవిలో వాతావరణ వార్తలు వినువారికి నందిగామ పేరు ఎందుకు వినవచ్చునో తెలియును. ఆ ఎండలలో, మరుగుదొడ్డి వరకు నడచుట బాధగా నున్న మనిషి ఏమి చేయును? నీరు త్రాగుట తగ్గించును. ముఖ్యముగా స్త్రీలు, రాత్రివేళ కోడలిని లేపుట యెందుకని, సాయంకాలము నుండియే గ్రుక్కెడు నీటికి వెనుదీయుదురు. ఒడలిలో నీరు తగ్గిన కొలదిని గుండె వేగము పెరుగును, మలబద్ధకము ముదురును, లేచి నిలుచున్నప్పుడు కన్నులు తిరుగును. మంచము ప్రక్కన కమోడు కుర్చీ యొకటి వేసిన, ఎన్నో మందులు చేయలేని పని అది చేయును.

రక్తపోటుకు పూర్వమునుండి వాడుచున్న మాత్రలలో కొన్ని గుండెవేగమును అదుపులో నుంచునట్టివి. ఆసుపత్రి సందడిలో అవి మానివేయబడి, ఇంటికి వచ్చిన పిమ్మట మరల మొదలుపెట్టుట మరచుటయు కలదు. అప్పుడు నాడి ఒక్కసారిగా ఎగయును. పాత మందుల చీటిని, క్రొత్త చీటిని ప్రక్కప్రక్కన పెట్టి చదువుట ఇంట చదువుకొన్న పిల్లలు చేయవలసిన పని.

నిద్రకు వత్తము. మొదటి ఆరు వారములలో నిద్ర సరిగా పట్టనివారే ఎక్కువ; మూడవ నెల నాటికి పెక్కుమంది తేరుకొందురు. మత్తుమందులును, ట్రమడాల్ వంటి తీవ్రమైన నొప్పిమాత్రలును గాఢనిద్రను, కలల నిద్రను చెదరగొట్టును. పోయిన కలల నిద్ర కొన్ని రాత్రుల తరువాత వడ్డీతో సహా తిరిగివచ్చును, అందుచేతనే పీడకలలు. పగలు మనుష్యుల సందడిలో మరుగుపడిన నొప్పి, దీపమార్పగానే పెద్దదగును. కదలక పడుకొన్న కాలు బిగిసికొనిపోవును. నిద్రలేమి మరునాటి నొప్పిని పెంచును, నొప్పి మరల నిద్రను చెరుపును. పైగా మన యింట పరామర్శలు! మధ్యాహ్నము మూడు గంటలకు వచ్చిన బంధువు తన పినతల్లి మోకాలు ఎట్లు చీము పట్టినదో సవిస్తరముగా చెప్పి, రోగితోబాటు కాఫీ త్రాగి పోవును. ఆ కాఫీయు ఆ కథయు కలిసి అర్ధరాత్రి వరకు పనిచేయును.

చేయదగినవి పెద్ద విద్యలేమియు కావు. నొప్పిమాత్రలలో ఒకదానిని పడుకొను వేళకు పనిచేయునట్లు ఎప్పుడు వేసికొనవలెనో వైద్యుని అడుగవలెను. వ్యాయామము సాయంకాలమే ముగించి, పడుకొనబోవు ముందు గుడ్డలో చుట్టిన మంచు పొట్లమును పావుగంట మోకాలిపై నుంచవలెను. పగటినిద్ర అరగంట దాటరాదు. ప్రక్కకు తిరిగి పడుకొనుటకు వైద్యుడు అనుమతించిన పిమ్మట కాళ్ల నడుమ తలగడ పెట్టుకొనవచ్చును. కాని వెల్లకిల పడుకొన్నప్పుడు మోకాటి క్రింద పెట్టరాదు. హాయిగానే యుండును, కాని కీలు వంగియే బిగిసిపోవును. పిక్క క్రింద, మడమ తేలునట్లు పెట్టవలెను. నిద్రమాత్రలు వైద్యుడు చెప్పనిదే కూడవు. వృద్ధులకు అవి తూలిపడుటకును, నొప్పిమాత్రలతో కూడినప్పుడు శ్వాస మందగించుటకును కారణమగును.

మోకాళ్లు మార్చుకొనిన పిమ్మట బ్రతుకు కుర్చీకే పరిమితమని తలచువారికి ఒక ఉపాధ్యాయురాలిని చూపవచ్చును. మచిలీపట్టణములో 1929లో జన్మించిన చిలుకూరి శాంతమ్మ గారు ఆంధ్ర విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రాచార్యులుగా పనిచేసిరి. రెండు మోకాళ్లకును ఈ చికిత్స జరిగిన పిమ్మట, తొంబదియేండ్లు దాటిన వయసున, విశాఖపట్టణము నుండి విజయనగరమునకు ప్రయాణించి, చేతికఱ్ఱలతో తరగతిలో నిలిచి పాఠము చెప్పిరి.

నాడిని చూచుట మనవారికి క్రొత్త కాదు. శార్ఙ్గధరసంహిత నాడి నడకను పాము, కప్ప, హంస నడకలతో పోల్చినది. ఆంధ్రదేశమున పుట్టిన బసవరాజీయమును నాడీపరీక్షను వివరించినది. గడియారముతో లెక్కించుట తరువాతి మాట. 1707లో జాన్ ఫ్లోయర్ అను ఆంగ్ల వైద్యుడు సరిగా ఒక నిమిషము నడచి ఆగు గడియారమును ఇందులకై చేయించెను. పాఠశాలలో ఈ లెక్కను నేర్పుటకు ఒక్క పిరియడు చాలును. ఐదు నిమిషములు ఊరక కూర్చుండజేసి, బొటనవ్రేలి దిగువ మణికట్టుపై చూపుడువ్రేలిని, నడిమివ్రేలిని ఆనించి, 30 సెకండ్ల దెబ్బలను రెండింతలు చేయవలెను. బొటనవ్రేలితో చూడరాదు, దానికే నాడి యున్నది. పెద్దవారికి విశ్రాంతిలో 60 నుండి 100 వరకు సహజము. అంకెతోబాటు లయను కూడ గమనింపవలెను. దెబ్బలు అడ్డదిడ్డముగా పడినచో వైద్యునికి తెలుపవలెను. గడియారమును రాత్రియంతయు చూచుకొనుట మాత్రము మానవలెను. చూచిన కొలదిని భయము, భయపడిన కొలదిని వేగము. ఉదయ సాయంకాలములలో ఒక్కొక్కసారి నోటుపుస్తకములో వ్రాసిన చాలును. వారము వారమునకు అంకె దిగుచున్నచో గుండె తన దారిని తాను పోవుచున్నట్లే.

దిగక, కూర్చున్నప్పుడును నూరు దాటి నిలిచినచో ఆనాడే వైద్యునికి చెప్పవలెను. జ్వరము వచ్చి, గాయము ఎఱ్ఱబడి రసి కారినచో అది కీలుకు పట్టిన చీము కావచ్చును. అన్నిటికంటె భయంకరమైనది నెత్తురుగడ్డ. కదలని కాలి సిరలో గడ్డకట్టిన రక్తము విడివడి ఊపిరితిత్తుల రక్తనాళమున అడ్డుపడుటను పందొమ్మిదవ శతాబ్ది నడుమ బెర్లిను వైద్యుడు విర్కో వివరించెను. దీనిని నివారించుటకే చికిత్స తరువాత కొన్ని దినములు, ఒక్కొక్కరికి ఐదు వారముల వరకు, రక్తము గడ్డకట్టకుండ మందు ఇత్తురు. “నడుచుచున్నాను గదా” యని దానిని నడుమ మానుట ప్రమాదము. చికిత్స జరిగిన కాలికి వాపు సహజమే; కాని పిక్కలో క్రొత్తగా నొప్పి, వాపు హెచ్చుట, అకస్మాత్తుగా ఆయాసము, ఊపిరి తీసినప్పుడు రొమ్ములో పోటు, దగ్గులో నెత్తురు, సొమ్మసిల్లుట, వీనిలో ఏది కనబడినను తెల్లవారు వరకు ఆగరాదు. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రమున మొదలైన 108 వాహనమును పిలువవలెను. ఆ వాహనములోనివారికి శస్త్రచికిత్స జరిగిన తేదీని, గడ్డకట్టకుండ వాడుచున్న మందు పేరును, దానిని చివరిసారి వేసికొన్న వేళను, నోటుపుస్తకములోని ఆనాటి నాడి అంకెను చెప్పవలెను.