ఆంధ్రతీరం: ఖండ విచ్ఛేదన చరిత్ర

1. ఉపోద్ఘాతం:
సముద్రం మొదలైన చోట ఖండం ముగుస్తుందని భావించడం సహజం. కాని తీరరేఖ నీటిమట్టాన్ని బట్టి మారుతుంది. ఖండపు అసలు అంచు సముద్రగర్భంలో, ఖండతీరపు వాలు దిగువన ఉంటుంది. ఆ అంచు ఏర్పడిన తీరును ఆంధ్రతీరం ఆధారంగా వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

2. విచ్ఛేదన క్రమం:
గోండ్వానా మహాఖండంలో భారతదేశం, తూర్పు అంటార్కిటికా కలిసి ఉండేవి. సుమారు 13 కోట్ల సంవత్సరాల క్రితం అవి విడిపోయాయి. మొదట భూపటలం సాగి, పలుచబడి, పగిలింది; కొన్ని భాగాలు కుంగి లోయలయ్యాయి, కొన్ని మిట్టలుగా నిలిచాయి. తరువాత పగులు గుండా శిలాద్రవం పైకి వచ్చి కొత్త సముద్రపటలంగా గట్టిపడింది. చివరకు ఖండపు అంచు చల్లబడుతూ కుంగగా, నదులు తెచ్చిన అవక్షేపాలు ఆ పల్లాన్ని నింపాయి.

3. ఆధారాలు:
కృష్ణా-గోదావరి బేసిన్ అడుగున తీరానికి సమాంతరంగా సాగే మిట్టపల్లాలు తొలిదశకు గుర్తులు. వాటిపై అవక్షేపాలు కిలోమీటర్ల మందాన పేరుకున్నాయి. చమురు, సహజవాయువు లభిస్తున్నది ఈ బేసిన్‌లోనే. తూర్పుకనుమలలోని చార్నొకైటు శిలలకు సజాతీయమైనవి అంటార్కిటికాలోని మాసన్ తీరంలోనూ ఉండటం పూర్వపు ఐక్యతకు సాక్ష్యం.

4. ముగింపు:
ఇటువంటి అంచును శాస్త్రజ్ఞులు ‘నిష్క్రియ’ అంచు అంటారు. అక్కడ పలకల సరిహద్దు లేదనే ఆ మాటకు అర్థం. చలనమే లేదని కాదు. అవక్షేపాలు అణగి డెల్టా నేల నేటికీ కుంగుతోంది. కనుక తీరరేఖను శాశ్వతమైన హద్దుగా భావించడం సరికాదు.