విషజ్వరములు - నూతన పరీక్షా సాధనములు

వానకాలము రాగానే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములలో జ్వరములు ప్రబలుట ఏటేట చూచుచున్నదే. కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డ గ్రామమైనను, నల్లమలలోని చెంచు పెంటయైనను, పలుచోట్ల అన్ని జ్వరములకును ఒకటే చికిత్స: ఒక సూదిమందు, ఒక సెలైను సీసా, నాలుగు మాత్రలు. రోగమేదో తెలియక మందిచ్చుట చీకటిలో బాణము వేయుటయే గదా! రోగమును నిశ్చయముగా గుర్తింపగల సాధనములు మన హైదరాబాదుననే వృద్ధిపొందియుండగా, పల్లెవాసి యింకను ఊహమీద ఆధారపడవలసివచ్చుట తగదని మా దృఢాభిప్రాయము.

వైరస్సు తనంత తాను వృద్ధిపొందజాలదు. మన జీవకణములలో జొరబడి, అందలి సామగ్రితోడనే తన సంతతిని పెంచుకొనును. కనుకనే బాక్టీరియాలను చంపు యాంటీబయాటిక్ మందులు దానిపై పనిచేయవు. అయితే ప్రతి వైరస్సునకును దానికే చెల్లిన జన్యులిపి యొకటి కలదు. కొన్నిటికది డి.ఎన్.ఏ., కొన్నిటికి ఆర్.ఎన్.ఏ. 1970లో టెమిన్, బాల్టిమోరు అను శాస్త్రజ్ఞులు ఆర్.ఎన్.ఏ.ను డి.ఎన్.ఏ.గా తిరుగవ్రాయు ఎంజైమును కనుగొనిరి. 1983లో కారీ మల్లిస్ పి.సి.ఆర్. పద్ధతిని కల్పించెను. ఇందు లిపిఖండము ఒక్కొక్క ఆవర్తమున రెండింతలగును. 30 ఆవర్తములు పూర్తియగునప్పటికి ఒక్క ప్రతి నూరు కోట్లకు మించును. అణుమాత్రముగానున్న శత్రువు సైతము ఇట్లు బయటపడక తప్పదు.

ఈ విద్య మనకు పరాయిది కాదు. 1977లో పుష్పమిత్ర భార్గవ నాయకత్వమున హైదరాబాదున ఆరంభమైన సి.సి.యం.బి. సంస్థ, 2020లో కోవిడ్ విజృంభించినపుడు వేలకొలది నమూనాలను పరీక్షించెను. అంతటితో నిలువక, ద్రవమునందుంచ నక్కరలేని పొడి నమూనాతో, ఆర్.ఎన్.ఏ.ను వేరుచేయు శ్రమ లేకయే పరీక్షించు సులభమార్గమును గూడ చూపెను. ఆ యేటి నవంబరులో భారత వైద్య పరిశోధనా మండలి దాని నంగీకరించెను. రాజధానికి 180 కిలోమీటర్లకు పైబడియున్న గద్వాల వంటి పట్టణములకు ఇట్టి పద్ధతి యెంత యుపకారియో వేరుగ చెప్పనక్కరలేదు.

పరీక్ష ఫలమేమని కొందరడుగవచ్చును. డెంగ్యూనే చూతము. దానికి ప్రత్యేకమైన మందు లేదు. కాని రోగము తెలిసినవాడు ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు మింగి రక్తస్రావమును కొనితెచ్చుకొనడు. జ్వరము తగ్గిన దినముననే అపాయము మొదలు కావచ్చునని యెరిగి జాగరూకుడై యుండును. మొదటి యైదు దినములలో ఎన్.ఎస్.1 పరీక్షగాని పి.సి.ఆర్. గాని, ఆ తరువాత ఐ.జి.యం. పరీక్ష తగినది. వేళ తప్పిన పరీక్ష రోగము నుండగనే లేదని చెప్పగలదు.

కాలేయమును తినివేయు హెపటైటిస్ సి విషయమున పరీక్షయే ప్రాణదాత. రక్తమున ప్రతిరక్షకములు రోగము పోయిన పిదప గూడ మిగిలియుండును. వైరస్సు నేడున్నదో లేదో చెప్పునది ఆర్.ఎన్.ఏ. పరీక్షయే. ఉన్నదని తేలినచో సోఫాస్బువిర్ మొదలగు మాత్రలను సాధారణముగా 12 వారములు సేవించినవారిలో నూటికి 90 మందికి పైగా స్వస్థులగుదురు. ఆ మందు వైరస్సు లిపిని వ్రాయు ఎంజైమునకు దొంగ అక్షరము నందించి వ్రాతనే నిలిపివేయును! 2018లో ఆరంభమైన జాతీయ కార్యక్రమము క్రింద ఈ పరీక్షయు మందును ఉచితము. ఉచితమైనదానిని ఎరుగక ఆస్తులమ్ముకొనుట ఎంతటి దుర్గతి!

నివారణమునందును మనవారు వెనుకబడలేదు. హెపటైటిస్ బి టీకా విదేశములనుండి వచ్చుచు సామాన్యునకు అందనిదై యున్నపుడు, హైదరాబాదున వరప్రసాదరెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్సు, వైరస్సు జన్యువును ఈస్టు కణమునందు నిలిపి, 1997లో స్వదేశీ టీకాను తెచ్చెను. దానితో వెల దిగివచ్చినది. శిశువు పుట్టిన 24 గంటలలో ఈ టీకా పడవలెను.

ఇక కర్తవ్యమేమి? 2016లో ఈ మూడును జిల్లాలైనవి. 2022లో వనపర్తి, నాగర్‌కర్నూలులందును, 2024లో గద్వాలయందును ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి. భవనమున్నంత మాత్రమున పరీక్ష జరుగదు. యంత్రము నడువవలెను, రసాయనములు కొరవడరాదు, నేర్పరియైన పనివాడుండవలెను, నాటి నమూనాకు మరునాటికైన జవాబు రావలెను. గోవాలో తయారగు ట్రూనాట్ వంటి చిన్న యంత్రములు, క్షయను మాత్రమేగాక, చిప్పు మార్చినచో కామెర్ల వైరస్సులను సైతము పట్టగలవు. ప్రభుత్వము వానిని పూర్ణముగ వినియోగించుగాక.

గ్రామములలోని భూస్వాములకును, పట్టణ ప్రముఖులకును మాదొక మనవి. మీ పొలమున పనిచేయు కూలికి జ్వరము తగిలినచో, సూదిమందునకు పంపుటకు ముందు పరీక్షకు పంపుడు, దారిబత్తెము మీరిండు. ఒక దినపు కూలి పోవుననియే అతడు రోగమును దాచుకొనుచున్నాడు. పేదవాని గుమ్మమునకు చేరనంతకాలము విజ్ఞానము మన సొత్తైనదని చెప్పుకొన వీలులేదు.