సంతవీధిలో నిలబడినవారు

యేసుప్రభువు చెప్పిన ద్రాక్షతోట కూలీల ఉపమానం (మత్తయి 20:1-16) చదివినప్పుడు మన దృష్టి చివర జరిగిన కూలి తగాదా మీదికే పోతుంది. పొద్దుటినుండి ఎండలో కష్టపడినవారికీ, చివరి గంటలో వచ్చినవారికీ ఒకే దేనారం! ఆ రోజుల్లో పత్రికలుంటే మర్నాటి పతాకశీర్షిక అదే. సాయంత్రం దాకా సంతవీధిలో నిలబడినవారి గురించి ఎవరు రాస్తారు?

బొంబాయి బట్టల మిల్లుల సమ్మెనే చూడండి. 1982 జనవరి 18న మొదలైన ఆ సమ్మెలో సుమారు 2.5 లక్షల మంది పాల్గొన్నారు. కరీంనగర్, నల్గొండ జిల్లాల నుండి వలసవెళ్లిన మన నేతన్నలూ వారిలో ఉన్నారు. లోకానికి మాత్రం అది ఇప్పటికీ 'దత్తా సామంత్ సమ్మె'. నాయకుడిది మొండితనమా, యజమానులదా, గెలిచిందెవరు అన్నదే చర్చ. కార్మికుల కోర్కెల్లో ఒకటి 'బద్లీ'లను పర్మినెంట్ చేయాలని. బద్లీ అంటే, రోజూ మిల్లు గేటు దగ్గర నిలబడి, ఎవరైనా పనికి రాకపోతే ఆ పూటకు వారి స్థానంలో వెళ్లేవాడు. అందరూ వస్తే ఖాళీ చేతులతో ఇంటికి. ఆనాటి సంతవీధి ఇదే కదా! ఆ సమ్మెను అధికారికంగా ఎవరూ విరమించలేదు. లక్షమందికి పైగా పని పోయింది. వారికి ఇళ్లలో వండిపెట్టి బతికే స్త్రీల పొయ్యిలూ చల్లారాయి.

ఉపమానంలోని యజమాని గొప్పతనం కూలి పంచడానికి ముందే కనిపిస్తుంది. గృహనిర్వాహకుడు ఉన్నా, కూలీల కోసం 5 సార్లు తానే వెళ్లాడు. ఎందుకు ఊరకే నిలబడ్డారని అడిగాడు. తమను ఎవరూ పనికి పిలవలేదని వారు చెబితే నమ్మాడు, సోమరులని తేల్చలేదు. దేనారం ఒక దినకూలి. అందులో సగమే ఇస్తే ఆ రాత్రి పిల్లలకు సగం రొట్టే.

ఉద్యోగం పోయిన విశ్వాసి క్రమంగా ఆరాధనకు రావడం మానేస్తాడు. ఈ సంగతి పాస్టర్లకు తెలుసు. కానుక వేయలేననే సిగ్గు, "ఏం చేస్తున్నావు బాబూ?" అని అడుగుతారనే భయం. సాక్ష్యాల సమయంలో మనం మైకు ఇచ్చేది ఉద్యోగం వచ్చినవారికే. విశ్వాసం తగ్గిందేమో అనే మాట యోబు స్నేహితుల ధోరణి. ఆ ఇంటికి వెళ్లి ప్రార్థన చేసి వచ్చేస్తే చాలదు. అద్దె ఎన్ని నెలలు బాకీ ఉంది, పిల్లల ఫీజు ఎప్పటిలోగా కట్టాలి అని అడగాలి. పని ఇప్పించగల వ్యాపారులు, కాంట్రాక్టర్లు మన బెంచీల మీదే కూర్చుంటున్నారు. ఈ ఆదివారం ఆరాధన ముగిశాక వారిని ఒక పావుగంట ఉండమనండి.